ఋతువులకు రంగులద్దుదాం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఉగాదినాడు గుమ్మానికి మామిడాకులు కడుతూ ఎప్పుడైనా చెట్టువంక పరకాయించి చూశారా? ముదురాకు ఆకుపచ్చే. కాని లేతాకు ఆకుపచ్చ కాదు. తోమి కడిగిన రాగిచెంబులా ఎర్రగా, అక్కడక్కడ వంకాయ ఛాయ తగిలి ఉంటుంది. మనం తోరణానికి ముదురాకులే ఏరుకొంటాం గనుక ఆ ఎరుపు మన కంటికి ఆనదు. మామిడిచెట్టు బొమ్మ వెయ్యమంటే పిల్లలేమిటి, పెద్దలమేమిటి, అందరం సీసాలో ఉన్న ఆకుపచ్చ తీసి పూసేస్తాం. అంటే మనం చూసింది వెయ్యటం లేదన్నమాట. మనకు తెలుసుననుకున్నది వేస్తున్నాం.

ఈవేళ మనం ముచ్చటించుకోబోయేది సరిగ్గా ఆ విషయమే. తైలవర్ణాలతో, అదే ఆయిల్ పెయింట్లతో, ఋతువులు మారే తీరును బొమ్మగా వెయ్యటం ఎలాగ? ఆరుబయట కూర్చుని వేసేది ఎంత, ఇంట్లోకి వచ్చి పూర్తి చేసేది ఎంత? "ఇదంతా చిత్రకారుల గొడవ, మనకెందుకమ్మా" అంటారేమో. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

కాలేజీలో చదివే రోజుల్లో రెండేళ్ళపాటు నేను ఆయిల్ రంగులు నేర్చుకున్నాను. పెళ్ళయింది. రంగుల పెట్టె నాతోపాటు అత్తవారింటికి వచ్చింది, వచ్చి అటక ఎక్కింది. పిల్లలు, చదువులు, బదిలీలు. ప్రతి ఊళ్ళోనూ ఆ పెట్టె ముందుగా అటక ఎక్కేది, ఆఖరున దిగేది. పద్ధెనిమిదేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో ఆవకాయ జాడీలకోసం అటక దింపిస్తుంటే మా అత్తగారు ఆ పెట్టె చూసి "ఇదేమిటే అమ్మాయ్, ఇంత బరువుంది?" అన్నారు. తెరిచి చూపించాను. ట్యూబులు చాలావరకు రాళ్ళయిపోయాయి. రెండో మూడో మాత్రం నొక్కితే మెత్తగా ఉన్నాయి. ఆవిడ ఒక ట్యూబు చేతిలోకి తీసుకుని మూత తిప్పి చూసి, "మూత బాగానే పెట్టావు. తియ్యటమే మరిచిపోయావు" అన్నారు.

ఆవిడ మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ సందర్భంలో మీకు ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ చెప్పాలి. ఇది కల్పన కాదు. ఫ్రాన్సు దేశంలో ఎడ్మా, బెర్త్ మోరిసో అని ఇద్దరు. ఎడ్మా పెద్దది, బెర్త్ చిన్నది, 1841లో పుట్టింది. ఆ రోజుల్లో బాగా ఉన్నవారిళ్ళలో ఆడపిల్లలకు కాస్త పియానో, కాస్త బొమ్మలు నేర్పించేవారు, మన సంగీతం మాస్టారిలాగే. అయితే వీళ్ళిద్దరి చేయి చూసి గురువుగారికి భయం వేసింది. "ఈ పిల్లలు సరదాకోసం వేసేవాళ్ళు కారు, నిజంగా చిత్రకారిణులవుతారు, మీలాంటి సంసారుల ఇంట అది ఉపద్రవమే సుమా" అని వాళ్ళ తల్లిని హెచ్చరించాడట. ఆ తల్లి చదువు మాన్పించలేదు. తరవాత కోరో అనే గొప్ప ప్రకృతి చిత్రకారుడి దగ్గర ఇద్దరూ ఆరుబయట కూర్చుని వెయ్యటం నేర్చుకున్నారు. పారిస్‌లో ఏటేటా జరిగే పెద్ద ప్రదర్శనలో 1864లో ఇద్దరి బొమ్మలూ పెట్టారు.

1869లో ఎడ్మాకు ఒక నౌకాదళం ఉద్యోగితో పెళ్ళయింది. భర్త ఊరికి వెళ్ళిపోయింది. కుంచె పక్కన పెట్టింది. పెళ్ళయిన కొత్తల్లో చెల్లెలికి ఉత్తరాలు రాస్తూ, తన మనస్సంతా ఆ చిన్న స్టూడియోలోనే ఉందనీ, ఒక్క పావుగంటయినా అక్కడి గాలి పీల్చుకోవాలని ఉందనీ రాసుకుంది. ఆ ఏడే చెల్లెలు అక్కను చూడ్డానికి వెళ్ళి, ఓడరేవు గోడమీద గొడుగు వేసుకుని కూర్చున్న అక్క బొమ్మ వేసింది. తరవాత 1872లో ఊయలలో నిద్రపోతున్న పసిబిడ్డను చూసుకుంటున్న అక్క బొమ్మ వేసింది. "ఊయల" అనే ఆ చిత్రం ఇవాళ ప్రపంచమంతా ఎరిగినది. బొమ్మలు వెయ్యగలిగిన అక్క, చెల్లెలి బొమ్మలో మనిషిగా మిగిలింది.

మరి బెర్త్ సంసారం చెయ్యలేదా అంటే, చేసింది. 1874లో పెళ్ళి, 1878లో కూతురు. భర్త యూజీన్ మానే ఆవిడ పనికి అడ్డు రాలేదు సరిగదా, తోడుగా నిలిచాడు. 1874 నుంచి 1886 వరకు ఇంప్రెషనిస్టులనే చిత్రకారులు ఎనిమిది ప్రదర్శనలు జరిపితే, ఏడింటిలో ఆవిడ బొమ్మలున్నాయి. తప్పిపోయింది ఒక్క 1879 నాటిది, పసిపిల్ల తల్లి గనుక. తరవాత కట్టుకున్న ఇంట్లో వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే పెద్ద గదే ఆవిడకు స్టూడియో. ఆవిడ కథను మళ్ళీ చివర ఎత్తుకుంటాను. ఇప్పుడు పనిలోకి దిగుదాం.

ఆయిల్ రంగు అంటే ఏమిటి? మెత్తగా నూరిన రంగుపొడిని నూనెలో కలిపి ముద్దచేసినది. ఆ నూనె సాధారణంగా అవిసెగింజల నూనె. వంటింట్లో ఇన్ని నూనెలుండగా అవిసె నూనే ఎందుకంటారా? అక్కడే ఉంది కిటుకు. కొబ్బరినూనె, వేరుశనగనూనె, నువ్వులనూనె పలకమీద రాసి ఎన్నాళ్ళుంచినా జిడ్డుగానే ఉంటాయి. అవిసె నూనె అలా కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడి పొరకడుతుంది. అంటే నీటిరంగులో తడి ఆవిరైపోయి ఆరినట్టుగా ఇది ఆరదు, పేరుకుంటుంది. పలచగా పూసిన పొర మూడురోజులకో వారానికో చేతికి అంటకుండా అవుతుంది. మందంగా పూస్తే వారాలు, నెలలు. ముసురు పట్టిన రోజుల్లో మరీ ఆలస్యం.

ఈ నెమ్మదితనమే మనబోటి గృహిణులకు వరం. నీటిరంగు వేస్తుండగా పాలవాడు పిలిచాడనుకోండి, వచ్చేసరికి అంచులు ఆరిపోయి మరక పడుతుంది. ఆయిల్ రంగు మీకోసం కనిపెట్టుకు కూర్చుంటుంది. పప్పు దింపి, పిల్లకు జడ వేసి వచ్చినా పలకమీద రంగు అలాగే ఉంటుంది. నచ్చకపోతే గీకి పారెయ్యొచ్చు, గుడ్డతో తుడిచెయ్యొచ్చు.

ఒకప్పుడు ఈ రంగును మూటగట్టడానికి పంది మూత్రాశయం తిత్తులు వాడేవారు. సూదితో పొడిచి పిండుకోవటం, చిల్లు మళ్ళీ మూసుకోవటం, దారిలో పగలటం, అంతా అవస్థే. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మూత బిగించుకొనే తగరపు ట్యూబు కనిపెట్టాడు. రంగులు సంచిలో వేసుకుని పొలాలవెంట వెళ్ళటం దానితో ఎంతో సులువైంది. మనం పళ్ళు తోముకునే పేస్టు ట్యూబు ఆ తరవాత వచ్చినదే.

ఇక కావలసిన సరంజామా చెబుతాను, రాసుకోండి. తెలుపు, యెల్లో ఆకర్ అనే మట్టి పసుపు, నిమ్మపండు పసుపు, ఒక ఎరుపు, అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు గులాబి ఎరుపు, అల్ట్రామరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే కాల్చిన మట్టిరంగు. ఈ ఏడూ చాలు. పచ్చరంగు కొనకండి, కలుపుకోండి. నలుపు అసలే వద్దు. పందివెంట్రుకల కుంచెలు చిన్నదీ పెద్దదీ మూడు, రంగు కలిపే కత్తి ఒకటి, చిన్న సీసాలో టర్పెంటైన్, మరొక దానిలో అవిసె నూనె, పాత నూలుగుడ్డలు. పూత పూసి అమ్మే కాన్వాసు అట్టలు చిన్న సైజువి చాలు, మన నోటుపుస్తకమంత. బయటికి వెళ్ళేటప్పుడు పెద్దది పట్టుకువెళ్తే అది గాలికి తెరచాపవుతుంది.

ఆరుబయట వెయ్యటంలో అసలు ప్రత్యర్థి సూర్యుడు. రెండు గంటల్లో నీడలన్నీ కదిలిపోతాయి. ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండుదాకా వేస్తే, చెట్టుకు ఎనిమిదింటి నీడా, అరుగుకు పదకొండింటి నీడా పడతాయి. చూసేవాళ్ళు "ఏదో తప్పుందే" అంటారు, ఏదో చెప్పలేరు. అందుకని పొద్దున ఒక గంటన్నర, లేదా సాయంత్రం ఒక గంటన్నర. అంతే. కూర్చోగానే నీడలు ఎక్కడున్నాయో ముందు గుర్తుపెట్టెయ్యాలి. ఆ తరవాత అవి ఎటు వెళ్ళినా మనం వాటి వెంట పడకూడదు.

క్లోద్ మోనే అనే చిత్రకారుడు దీనికో ఉపాయం చేశాడు. ఫ్రాన్సులో జివెర్నీ అనే ఊళ్ళో ఆయన ఇంటి పక్క పొలంలో గోధుమ కుప్పలు వేశారు. అక్కడ నూర్పిడి యంత్రం ఊరూరూ తిరుగుతూ వచ్చేసరికి చలికాలం దాటిపోయేది, అంతవరకు కుప్పలు అలాగే ఉండేవి. 1890 వేసవి చివర మొదలుపెట్టి మరుసటి ఏడాదివరకు ఆయన వాటినే వేశాడు. వెలుగు మారగానే ఆ కాన్వాసు దింపి, "ఇంకోటి తీసుకురా అమ్మా" అని సవతి కూతురిని పురమాయించేవాడట. మర్నాడు మళ్ళీ ఆ వెలుగు వచ్చిన వేళకు మొదటిది అందుకొనేవాడు. మంచు, పొగమంచు, పొద్దువాలటం, అన్నిటిలోనూ అవే కుప్పలు. అలా పాతిక దాకా తయారయ్యాయి. 1891 మే నెలలో పదిహేనింటిని ఒకేచోట వరసగా ప్రదర్శించాడు. ఇంకో సంగతి. అవన్నీ పొలంలోనే పూర్తయ్యాయనుకోకండి. ఇంటికి తెచ్చి, పక్కపక్కన పెట్టుకుని, ఎంతో కాలం సరిదిద్దినవే.

మీరడగబోయేది నాకు తెలుసు. "నలుగురూ చూస్తుండగా రోడ్డుమీద కూర్చుని బొమ్మ వెయ్యటమా?" అని. నిజమే, గుంపు చేరుతుంది. పారిస్ నుంచి వెళ్ళిన బెర్త్ మోరిసోకూ తప్పలేదు. గాలికి తలా బట్టలూ చెదిరిపోవటం, పిల్లలు మూగి గోలచెయ్యటం గురించి ఆవిడ ఉత్తరాల్లో మొరపెట్టుకుంది. అయినా వేసింది. నేను మొదట్లో అంత ధైర్యం చెయ్యలేకపోయాను. మేడమీదికి వెళ్ళాను. మేమున్నది హైదరాబాదులో. మా డాబామీదనుంచి చూస్తే ఎదురుగా ఒక వేపచెట్టు, దాని వెనక బండరాళ్ళ గుట్ట, ఆపైన ఆకాశం. ఇంకేం కావాలి? కిటికీ చాలు, డాబా చాలు, గుడి అరుగు చాలు. తోడుకు ఒక చెల్లెలినో పక్కింటి వదినగారినో పిలుచుకుంటే మరీ మంచిది.

ఆ వేపచెట్టునే, ఆ గుట్టనే నేను ఏడాది పొడుగునా వేశాను. ఆరు ఋతువులకు ఆరు అట్టలు. ఒక్కొక్క ఋతువు నాకేం నేర్పిందో చెబుతాను.

వసంతంలో వేప చిగురు రాగిరంగు. మట్టి పసుపులో కాస్త కాల్చిన మట్టిరంగు, క్రిమ్సన్ ఒక చుక్క, తెలుపు కలిపితే ఆ రంగు వచ్చింది. వేపపువ్వు తెల్లదే కదా అని తెలుపు పెడితే సున్నం చల్లినట్టయింది. దానిలో ఇంత నిమ్మ పసుపు కలిపాక గాని పువ్వు కాలేదు.

గ్రీష్మంలో నా కళ్ళు తెరిపించింది ఆకాశం. ఆకాశం నీలమని ఎవరన్నారు? వైశాఖం దాటాక మధ్యాహ్నం చూడండి. దుమ్ముతో తెల్లబోయి, గుట్ట అంచున కాస్త పసుపు తిరిగి ఉంటుంది. నీలమంతా నీడల్లో దాక్కుంటుంది. ఎండపడ్డ గోడ నీడ నల్లగా ఉండదు, ఊదాగా ఉంటుంది. ఇక రేలపూల పసుపు, అగ్నిపూల ఎరుపు వెయ్యబోతే ట్యూబులో రంగు ఉన్నదున్నట్టు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఎండవైపు ఎరుపులో పసుపు, నీడవైపు ఎరుపులో క్రిమ్సన్ కలిపితేనే గుత్తి గుండ్రంగా కనిపిస్తుంది.

వర్షఋతువులో మబ్బుకు నలుపూ తెలుపూ కలిపితే బూడిద గుమ్మరించినట్టుంటుంది. నీలంలో కాల్చిన మట్టిరంగు కలిపి తెలుపు వేసి చూడండి. నీలం హెచ్చితే వానమబ్బు, మట్టిరంగు హెచ్చితే దుమ్ము మబ్బు. తడిసిన బండ పొడి బండకంటే ముదురుగా ఉంటుంది, నీళ్ళు నిలిచినచోట నేలమీద ఆకాశమే పడుకుని ఉంటుంది. ఈ రెండూ వేస్తే వాన చినుకులు గియ్యకపోయినా వాన వచ్చి వెళ్ళినట్టే.

శరత్తులో వాన దుమ్మంతా కడిగేసి వెళ్తుంది. ఏడాదిలో ఆకాశం నిజంగా నీలంగా ఉండేది అప్పుడే. తలపైన ముదురు, కిందికి దిగినకొద్దీ లేత. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే తంగేడు, గునుగు గుట్టల పక్కన పూసేదీ అప్పుడే. తంగేడు పసుపు పక్కన కాస్త ఊదానీడ పెట్టండి, పసుపు వెలుగుతుంది.

హేమంతంలో ముగ్గు వెయ్యటానికి తెల్లవారుజామున లేస్తాం గదా, అప్పుడు చూడాలి. దూరపువన్నీ పాలిపోయి, నీలితనం తిరిగి, అంచులు కరిగిపోయి ఉంటాయి. దగ్గరి చెట్టుకు గట్టి రంగు, దూరపు గుట్టకు తెలుపూ నీలమూ కలిపిన మెత్తని రంగు. ఆ తేడాయే మంచు. మంచని ప్రత్యేకంగా పూసేదేమీ లేదు.

శిశిరంలో ఆకు రాలుతుంది. బాదం ఆకు రాలబోయే ముందు ఎర్రబడుతుంది. మోదుగ ఒక్క ఆకు లేకుండా నారింజరంగు పూలతో నిలబడుతుంది. నా వేపచెట్టు కొమ్మలు బయటపడ్డాయి. ఏడాదంతా ఆకుల వెనక చూసిన చెట్టు ఎలా నిలబడి ఉన్నదీ నాకు అప్పుడు తెలిసింది. మళ్ళీ వేసే వసంతం బొమ్మకు అది పనికివచ్చింది.

ఋతువును చెట్టులోనే చూపించాలని లేదండోయ్. బెర్త్ మోరిసో 1880లో "శీతకాలం", "వేసవి" అని రెండు బొమ్మలు ప్రదర్శించింది. రెంటిలోనూ ఉన్నది ఒక్కొక్క స్త్రీ. ఆవిడ కట్టుబట్టలే ఋతువును చెబుతాయి. మన డాబాపై ఆరవేసిన వడియాలు వేసవి. దండేనికి మూడు రోజులుగా ఆరని బట్టలు ఆషాఢం.

ఇక ఇంటిపని. ఆరుబయట వేసినది విత్తనం అనుకోండి. దాన్ని పెద్దబొమ్మ చెయ్యటం ఇంట్లో. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ 1821, 22 సంవత్సరాల్లో లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో ఉంటూ మబ్బులను చిన్నచిన్న కాగితాలమీద ఆయిల్ రంగులతో వేసేవాడు. భార్య ఆరోగ్యం బాగుండక మంచిగాలికోసం వెళ్ళిన చోటది. చాలా కాగితాల వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తున్నదీ రాసిపెట్టేవాడు. ఆయన ప్రసిద్ధ చిత్రం "హే వెయిన్", వాగు దాటుతున్న బండి, చూస్తే నడివేసవి. వేసింది మాత్రం లండన్ ఇంట్లో, చలికాలంలో. 1821లో ప్రదర్శించాడు. ఆరడుగుల వెడల్పు. బండి ఎలా ఉంటుందో కచ్చితంగా కావలసివచ్చి, ఊరినుంచి గీయించి తెప్పించుకున్నాడు. కాబట్టి మీరూ అట్ట వెనక రాసుకోండి. నెల, వేళ, గాలి, ఎండ ఎటునుంచి. ఆరునెలల తరవాత జ్ఞాపకం మోసం చేస్తుంది, రాత చెయ్యదు.

అంతకు మునుపు 1565లో పీటర్ బ్రూగెల్ అనే ఆయన ఒక వర్తకుని ఇంటికోసం ఏడాదిని చెక్క పలకలమీద చిత్రించాడు. మొత్తం ఆరు పలకలని పండితుల ఊహ. ఐదు మిగిలాయి. వాటిలో మంచులో ఇంటికి తిరిగివస్తున్న వేటగాళ్ళ బొమ్మ వియన్నాలో ఉంది. ఆ బొమ్మలో ఎండ లేదు, నీడ లేదు. పచ్చితనం కలిసిన బూడిదరంగు ఆకాశం, అదే రంగు గడ్డకట్టిన చెరువు. రెండు రంగులతో చలి పుట్టించాడు.

ఇంట్లో వేసేటప్పుడు ఉత్తరపు కిటికీ పక్కన కూర్చోవటం మేలు. ఎండ నేరుగా పడకుండా వెలుతురు నిలకడగా ఉంటుంది. మన దేశంలో నడివేసవి నెలల్లో మాత్రం పొద్దున సాయంత్రం అటునుంచీ కాస్త ఎండ వస్తుంది, పలచని తెల్లగుడ్డ కడితే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఒకటుంది. అడుగు పొర పలచన, పైపొర జిడ్డు. మొదట వేసే పొరలో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ. పైకి వెళ్ళినకొద్దీ నూనె ఎక్కువ. ఎందుకని? నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతుంది, ఆరేటప్పుడు కదులుతుంది. దాని పైన త్వరగా ఆరే పలచని పొర వేశామా, కిందిది కదిలేసరికి పైది పగిలిపోతుంది. నా వర్షఋతువు బొమ్మకు సరిగ్గా ఇదే జరిగింది. మబ్బు గంభీరంగా ఉండాలని అడుగున నూనె దండిగా పోసి వేశాను. ఆరీ ఆరకుండానే పైన టర్పెంటైన్‌తో పలచని పొరలు రాశాను. సంక్రాంతి వచ్చేసరికి ఆకాశం ఎండిన చెరువడుగులా బీటలు తీసింది. ఎవరికీ చూపించకుండా దాచేశాను. మా అత్తగారే తీయించి మిగతా ఐదింటి పక్కన పెట్టించారు. "పాడైన ఊరగాయ చూస్తేనే మరుసటి ఏడు ఉప్పు సరిగ్గా పడుతుంది" అన్నారు.

పిల్లలున్న ఇల్లు గనుక జాగ్రత్తలు చెప్పి తీరాలి. టర్పెంటైన్ మంటకు అంటుకుంటుంది, స్టవ్వున్న గదిలో మూత తియ్యకండి. వాసన తలకెక్కుతుంది, కిటికీలు తెరవండి. కొన్ని రంగుల్లో విషపదార్థాలున్నాయి. వేస్తూ తినకండి, కుంచె నోట్లో పెట్టకండి, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. అసలు ప్రమాదం గుడ్డలతో. అవిసె నూనె గాలిని పీల్చి గట్టిపడుతుందన్నాను గదా, అప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకోవచ్చు. అగ్గిపుల్ల అక్కర్లేదు. కాబట్టి ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో తడిపి మూతగల రేకు డబ్బాలో వెయ్యండి. కుంచెలు ముందు గుడ్డతో తుడిచి, టర్పెంటైన్‌లో జాడించి, ఆఖరున బట్టల సబ్బుతో అరచేతిలో రుద్ది కడగాలి.

వేసిన బొమ్మను ట్రంకుపెట్టెలో దాచకండి. చీకట్లో అవిసె నూనె పసుపు తిరుగుతుంది. వెలుతురు తగిలే గోడకు, ఎండ తగలనిచోట ఉంచండి. వానాకాలం తడిగోడకు ఆనించకండి, బూజు పడుతుంది. వార్నిష్ ఆరునెలలనుంచి ఏడాది ఆగాకే.

మన తెలుగుదేశంలో గృహిణులు కుంచె పట్టటం కొత్తకాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావుగారు 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండా మశూచితో పోయారు. ఆయన భార్య సత్యవాణిగారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారూ ఆయన ప్రోత్సాహంతో బొమ్మలు వేసినవారే. రామారావుగారి పేరిట ఆ ఊళ్ళో చిత్రశాల ఉంది. గోదావరి స్నానానికి వెళ్ళినప్పుడు పిల్లలను తీసుకుని అదీ చూసి రండి.

బెర్త్ మోరిసో కథ మిగిలింది కదూ. 1895లో జబ్బుపడ్డ కూతురికి సేవ చేస్తూ తానూ జబ్బుపడి యాభైనాలుగేళ్ళకే కన్నుమూసింది. వందలకొద్దీ చిత్రాలు వేసిన ఆవిడ మరణపత్రంలో వృత్తి అన్నచోట "ఏమీ లేదు" అని రాశారు. మనకూ ఎన్నో కాగితాల్లో అలాగే రాస్తుంటారు. రాయనివ్వండి. ఆవిడ వేసిన వేసవి నేటికీ వేసవిగానే ఉంది.

మా ఎదుటి గుట్టలో సగం ఇప్పుడు లేదు. రాయి కొట్టి తీసుకుపోయారు, ఇళ్ళు లేచాయి. వేపచెట్టు ఉంది. నా ఆరు అట్టల్లో గుట్ట మొత్తం ఉంది, బీటలు తీసిన వర్షఋతువుతో సహా. అవి గొప్ప బొమ్మలని అనను. ఆ గుట్టమీద ఏ వేళకు ఏ రంగు పడేదో మా ఇంట్లో అందరికీ తెలుసు, అంతే.

కనుక సోదరీమణులారా, ఈ వారంలోనే మీ కిటికీలోంచి కనిపించే ఒక చెట్టునో, గోడనో ఎంచుకోండి. రంగులు తరవాత కొనుక్కోవచ్చు. ముందు పెన్సిలు తీసుకుని, పొద్దున దాని నీడ ఏ రంగులో ఉందో ఒక కాగితంమీద రాయండి, తేదీ వెయ్యండి. అటకమీద మీ పెట్టె ఏదైనా ఉంటే, అది రంగులదే కానక్కరలేదు, వీణ కావచ్చు, కుట్టుపని కావచ్చు, ఒకసారి దింపి మూత తీసి చూడండి. రెండో మూడో ట్యూబులు ఇంకా మెత్తగానే ఉంటాయి.